తోమితే పోయేది మురికి ఒక్కటే కాదు

శ్రావణమాసం దగ్గర పడగానే మన ఇళ్లలో పూజ సామానంతా గూట్లోంచి బయటికొస్తుంది. ఇత్తడి కుందులకు చింతపండు, రాగి చెంబుకు ఉప్పూ నిమ్మచెక్కా, వెండి కుంకుమ భరిణెకు విభూతి. ఆ వరసలోనే వరలక్ష్మీ వ్రతం నాడు కలశం దగ్గర పెట్టే పాత వెండి రూపాయి కూడా తోముడుకు వస్తుంది. ఏడాదికోసారి విభూతితో రుద్ది, తెల్లగా మెరిపించి, పసుపూ కుంకుమా పెట్టి మళ్లీ దాచేస్తారు. దాని మీద విక్టోరియా రాణి బొమ్మ ఉంటుంది. తరాలు గడిచేకొద్దీ ఆ బొమ్మలో ముందు కిరీటం మీది సన్న గీతలు పోతాయి, తర్వాత జుట్టు పాయలు, ఆ తర్వాత చెంప వంపు. చేతులు మారి మారి అరిగిపోయిందనుకుంటాం. చాలా నాణేలు నిజానికి అరిగింది బజార్లో కాదు, పెరట్లో.

పూజలో పెట్టుకున్న నాణెం విషయం ఆ ఇంటివాళ్ల ఇష్టం. కానీ తాతల నాటి నాణేలను పిల్లలకు దాచి ఇవ్వాలనుకునేవాళ్లు, సేకరణ మొదలుపెట్టినవాళ్లు, తోమే అలవాటు మానుకోవాల్సిందే. ఎందుకు మానాలో తెలియాలంటే ముందు మురికి అంటే ఏమిటో చూడాలి.

నాణెం మీద కనిపించే మురికి రెండు రకాలు. ఒకటి బయటినుంచి వచ్చి అంటుకున్నది: మట్టి, నూనె జిడ్డు, పసుపు, చెమట, టేపు జిగురు, ప్లాస్టిక్ కవరు వదిలిన బంక. రెండోది ఎక్కణ్నుంచో వచ్చింది కాదు. నాణెం లోహమే గాలిలోని వాయువులతోనో తేమతోనో కలిసి వేరే పదార్థంగా మారగా ఏర్పడిన పొర అది. మొదటి రకం తీసేస్తే కింద నాణెం ఉన్నదున్నట్టు ఉంటుంది. రెండో రకం తీసేస్తే ఆ పొరలో కలిసిపోయిన వెండో రాగో కూడా దాంతోపాటే పోతుంది. పోయినదాన్ని తిరిగి తెచ్చే మార్గం లేదు. ఇంట్లో చేసుకోదగ్గ శుభ్రత అంతా మొదటి రకం మురికికే. రెండోదాని జోలికి వెళ్లకూడదు.

ఒక పలచని పొర పోతే ఏమవుతుంది, రూపాయి రూపాయే కదా అనిపించవచ్చు. విక్టోరియా రూపాయి బరువు 11.66 గ్రాములు, పాత లెక్కలో సరిగ్గా ఒక తులం. అందులో 91.67 శాతం వెండి, మిగిలినది రాగి. దాని ఒళ్లంతా ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం తగ్గినా బరువులో పోయేది సుమారు 17 మిల్లీగ్రాములే. కంసాలి తక్కెడకు కూడా అదొక లెక్క కాదు. కానీ నాణెం అందం, చరిత్ర, విలువ అన్నీ ఉండేది ఆ పై మైక్రాన్లలోనే.

టంకశాలలో బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి టన్నుల బరువుతో ఒత్తుతారు. ఆ ఒత్తిడికి లోహం కరగకుండానే పారుతుంది. మధ్యనుంచి అంచువైపు, అచ్చులోని లోతుల్లోకి జరుగుతుంది. అలా జరిగినప్పుడు నాణెం మీద కంటికి కనపడనంత సన్నటి గీతలు, కేంద్రం నుంచి అంచుకు కిరణాల్లా ఏర్పడతాయి. కొత్త నాణేన్ని ఒక్క బల్బు కింద పట్టుకుని మెల్లగా వంచి తిప్పితే రెండు వెలుగు పట్టీలు బండి చక్రం ఆకుల్లా నాణెం మీద తిరుగుతాయి. సేకర్తలు లస్టర్ అని పిలిచేది దీన్నే. నునుపుగా ఉన్నందువల్ల వచ్చే మెరుపు కాదిది. ఆ సన్నటి గీతలన్నీ కలిసి వెలుతురును ఒక క్రమంలో తిప్పికొట్టడం వల్ల వస్తుంది. ఎవరైనా రుద్దితే ముందు పోయేది ఆ గీతలే. అవి పోయాక నాణెం ఇంకా ఎక్కువ మెరవొచ్చు, కానీ ఆ మెరుపు స్టీలు గరిటె మెరుపులా ఉంటుంది, ఎటు తిప్పినా ఒకేలా.

రుద్దడానికి మెత్తటి గుడ్డ వాడితే చాలదా అని అడుగుతారు. గుడ్డ మెత్తగానే ఉంటుంది. గీసేది గుడ్డ కాదు, దాని కింద నలిగే ధూళి. వీధి దుమ్ములో ప్రధానంగా ఉండే ఇసుక రేణువు కాఠిన్యం మోస్ కొలమానం మీద 7. వెండి, రాగి, బంగారం మూడూ 2.5 నుంచి 3 మధ్యలోనే ఆగిపోతాయి. నాణెం మీద ఉన్న ధూళిని పొడిగుడ్డతో తుడిచినప్పుడల్లా ఆ ఇసుకతోనే నాణేన్ని గీస్తున్నామన్న మాట. విభూతిలోనూ పొయ్యి బూడిదలోనూ ఉండే గట్టి రేణువులు ఆ పనే చేస్తాయి. టూత్‌పేస్టులో రుద్దుడు పొడి కావాలనే కలుపుతారు. అది పళ్ల మీది ఎనామిల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన సరుకు. ఎనామిల్ కాఠిన్యం 5. వెండి దానికంటే చాలా మెత్తన.

తోమిన నాణేన్ని గుర్తుపట్టడం పెద్ద విద్యేమీ కాదు. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, ఒకే ఒక్క బల్బు ఉంటే చాలు. నాణేన్ని వంచి చూస్తే ఖాళీ జాగాలో వెంట్రుకల్లాంటి గీతలు ఒకే దిశలో బారులు తీరి కనిపిస్తాయి. అవి అక్షరం దాకా వచ్చి ఆగి, అక్షరం అవతల మళ్లీ మొదలవుతాయి. అక్షరాల మూలల్లో గుడ్డ దూరని చోట పాత నలుపు అలాగే ఉంటుంది. మధ్యన తెల్లగా, మూలన నల్లగా ఉన్న ఆ తేడా చూడగానే అనుభవజ్ఞుడు నాణేన్ని బల్ల మీద పెట్టేస్తాడు. అమెరికాలోని పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలు నాణేలకు 1 నుంచి 70 దాకా అంకెలు ఇస్తాయి. తోమిన నాణేనికి మాత్రం అంకె ఇవ్వకుండా, ఫలానా స్థాయి వివరాలున్నాయి గానీ ఇది శుభ్రం చేసినది అని రాసి పంపేస్తాయి. అదే సంవత్సరం, అదే టంకశాల నాణెం ముట్టుకోకుండా ఉంటే పలికే ధరకూ దీనికీ పొంతన ఉండదు.

డబ్బు మాట పక్కన పెట్టినా, పోయే సమాచారం మాటేమిటి? హైదరాబాద్ సంస్థానంలో 1903 ప్రాంతం నుంచి యంత్రాల మీద ముద్రించిన చార్మినార్ నాణేలు మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్నాయి. ఆ చార్మినార్ మధ్య ద్వారంలో ఒక చిన్న అరబీ లిపి అక్షరం ఉంటుంది. నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు నాణెమైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుదైతే ఐన్. గోరు కొసకంటే చిన్న అక్షరం అది. ఉస్మాన్ కాలంలోనే ఆ ఐన్‌ను పొట్టిగా చెక్కిన అచ్చు ఒకటి, పూర్తిగా చెక్కిన అచ్చు ఒకటి ఉన్నాయని సేకర్తలు వేరు చేసి చూస్తారు. రెండు మూడు పండగలకు గట్టిగా తోమితే ద్వారం నున్నటి గుంతగా మిగులుతుంది. ఏ అచ్చుదో చెప్పే సాక్ష్యం పూజ సామాన్లు కడిగిన నీళ్లలో పోయినట్టే.

ఇక వెండి ఎందుకు నల్లబడుతుంది? గాలిలో ఆక్సిజన్ ఒక్కదాని వల్ల వెండికి మామూలుగా ఏమీ కాదు. గాలిలో అతి కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ దాన్ని పట్టుకుంటుంది. మురుగుకాలువలు, కుళ్లే చెత్త, ఉడికిన గుడ్లు, కొన్ని రకాల రంగులు, ఉన్ని బట్టలు, అన్నిటినుంచీ గంధకం కలిసిన వాయువులు వస్తూనే ఉంటాయి. వెండి ఆ గంధకంతో కలిసి సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. ఈ పొర మొదట కొన్ని పదుల నానోమీటర్ల మందమే ఉంటుంది. అప్పుడు నలుపు కనిపించదు. ముందు లేత బంగారు రంగు వస్తుంది, పొర మందమయ్యేకొద్దీ ఎరుపు, ఊదా, నీలం వస్తాయి. పొర పైభాగం నుంచి వెనక్కొచ్చే వెలుతురూ, అడుగున లోహం నుంచి వెనక్కొచ్చే వెలుతురూ ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగులను పెంచి, కొన్నిటిని చంపేస్తాయి. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క రంగులు తేలడానికి కారణమూ ఇదే. పొర ఇంకా మందమైతే ఆ ఆట ఆగిపోయి నలుపు మిగులుతుంది.

దశాబ్దాలపాటు నెమ్మదిగా, సమంగా ఏర్పడ్డ ఈ పొరను టోనింగ్ అంటారు. చూడచక్కని టోనింగ్ ఉన్న వెండి నాణేనికి తెల్లటి నాణెం కంటే ఎక్కువిచ్చి కొనేవాళ్లున్నారు. నా మట్టుకు నాకు ఆ రంగులున్న పాత రూపాయిని చూస్తే, ఏ చేయీ దాన్ని చెరపకుండా కాలం గడిచిందన్న నమ్మకం కలుగుతుంది.

యూట్యూబ్ చూసేవాళ్లందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది. గిన్నెలో అల్యూమినియం రేకు పరచి, వేడినీళ్లలో వంటసోడా కలిపి, నల్లబడ్డ వెండిని రేకుకు తగిలేలా వేస్తే నలుపు మాయమవుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఇది మాయ కాదు, మంచి రసాయనశాస్త్రం. అల్యూమినియం తన ఎలక్ట్రాన్లను వదులుకుంటే, సల్ఫైడ్‌లోని వెండి వాటిని తీసుకుని మళ్లీ లోహంగా మారుతుంది, గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్‌గా పైకి పోతుంది. వెండి వృథా కాలేదు కదా, మరి ఇబ్బందేమిటి? తిరిగొచ్చిన వెండి పాత సన్న గీతల క్రమంలో కూర్చోదు. స్పాంజిలా గుల్లగా, మసకగా అతుక్కుంటుంది. లస్టర్ తిరిగి రాదు సరికదా, ఆ గుల్ల ఉపరితలం మునుపటికంటే తొందరగా నల్లబడుతుంది. భోజనాల వెండి చెంచాలకు ఆ చిట్కా సరిపోతుంది, నాణేలకు వద్దు. దుకాణాల్లో దొరికే వెండి ముంచుడు ద్రావణాలు ఇంకో దారిన పోతాయి. వాటిలో ఆమ్లమూ థయోయూరియా ఉంటాయి. సల్ఫైడ్‌ను కరిగించి తీసుకుపోతాయి. ముంచిన ప్రతిసారీ పై పొర కొంత పోతుంది, లస్టర్ మసకబారుతుంది. సరిగా కడగకపోతే కొన్నాళ్లకు గోధుమరంగు మచ్చలు తేలతాయి. థయోయూరియా మనిషి ఒంటికి మంచిది కాదన్న అనుమానం కూడా ఉంది.

రాగి కథ వేరు. వెండితో పోలిస్తే రాగి ప్రతిదానితోనూ కలుస్తుంది. ముందు ఆక్సిజన్‌తో కలిసి ఎర్రటి, ఆపైన గోధుమ రంగు పొర ఏర్పడుతుంది. ఈ గోధుమరంగు గట్టిగా, సమంగా ఉంటే అది రాగికి కవచం. కింద లోహానికి గాలి తగలకుండా కాస్తుంది. పాత కాణీలు, అర్ధణాలు చాక్లెట్ రంగులో నున్నగా ఉన్నాయంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. మనవాళ్లు సరిగ్గా దాన్నే మురికి అనుకుని చింతపండు పట్టిస్తారు.

చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడును పట్టుకుని కరిగిస్తుంది. నిమిషంలో నాణెం గులాబీ రంగులోకి వస్తుంది. కొత్త రాగి అలా ఉండదు. టంకశాల నుంచి వచ్చిన రాగిలో నారింజ రంగు మెరుపు ఉంటుంది, తోమిన రాగి పచ్చి మాంసం రంగులో వెలవెలబోతుంది. ఆ కవచం లేని లోహం కొన్ని వారాల్లోనే మచ్చలు మచ్చలుగా మళ్లీ నల్లబడుతుంది. ఇది ఒక నష్టం. చింతపండుతోపాటు ఉప్పు కలిపినప్పుడు జరిగేది దీనికంటే పెద్ద నష్టం.

ఉప్పులోని క్లోరైడు రాగితో కలిసి క్యూప్రస్ క్లోరైడ్‌గా మారి, నాణెం మీది సూక్ష్మమైన గుంతల్లో కూర్చుంటుంది. కడిగితే పోదు. గాలిలో తేమ తగిలినప్పుడు అది ఆక్సిజన్‌తో, నీటితో కలిసి లేత ఆకుపచ్చ పొడిగా విచ్చుకుంటుంది. ఆ క్రమంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం పక్కనున్న మంచి రాగిని తిని మళ్లీ క్యూప్రస్ క్లోరైడ్ తయారుచేస్తుంది. అది మళ్లీ విచ్చుకుంటుంది. లోహం ఉన్నంతవరకు, తేమ ఉన్నంతవరకు ఈ చక్రం ఆగదు. మ్యూజియంలలో దీన్ని కంచు జబ్బు అంటారు. గాలిలో తేమ సుమారు 42 నుంచి 46 శాతం దాటితే ఇది చురుగ్గా మొదలవుతుందని పరిశోధనల్లో తేలింది. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తేమ 70 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. పైగా అక్కడ గాలిలోనే సముద్రపు ఉప్పు ఉంటుంది. తీరప్రాంతంలో పాత రాగి నాణేలు దాచుకున్నవాళ్లు ఈ ఒక్క విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి.

అన్ని ఆకుపచ్చ మచ్చలూ జబ్బు కావు. ముదురు ఆకుపచ్చగా, గట్టిగా, నున్నగా ఉండి వెదురు పుల్లతో గీస్తే రాలకుండా ఉంటే అది స్థిరపడిన పొర. దాన్ని వదిలేయాలి. లేత ఆకుపచ్చగా, పిండిలా పొంగి, పుల్ల తగలగానే రాలిపోయి కింద గుంత కనిపిస్తే అది జబ్బే. వెంటనే ఆ నాణేన్ని మిగతావాటికి దూరంగా, సిలికా జెల్ వేసి, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. పొడిగా ఉంచినంతకాలం చక్రం ఆగి ఉంటుంది. దాన్ని నయం చేయడానికి సంరక్షకులు బెంజోట్రయజోల్ లాంటి రసాయనాలు వాడతారు. అవి విషపూరితం, ఇంట్లో వాడాల్సినవి కావు.

ఇన్ని వద్దులు చెప్పాక చేయదగ్గది ఏమిటో చెప్పాలి. ముందు నాణేన్ని రెండు వైపులా ఫొటో తీసి, బరువు తూచి రాసుకోవాలి. తర్వాత భూతద్దంతో చూసి, మీద ఉన్నది అంటుకున్నదా, లోహం మారినదా తేల్చుకోవాలి. తేలకపోతే ముట్టుకోకూడదు. అంటుకున్న మట్టి, జిడ్డు అని తేలితే మొదటి మందు నీళ్లు. కుళాయి నీళ్లు కాదు. మునిసిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బోరునీళ్లలో లవణాలు ఎక్కువ. ఆరాక తెల్లటి చారలు మిగులుతాయి, రాగికైతే క్లోరైడు అందించినట్టవుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఇందుకు బాగా పనికొస్తుంది. అదే దుకాణంలో అలాంటి డబ్బాల్లోనే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు, కాబట్టి లేబుల్ చదివి కొనాలి.

గాజు గిన్నె అడుగున మెత్తటి గుడ్డ పరచి, నాణేన్ని నీళ్లలో వేసి కొన్ని గంటలు వదిలేయాలి. నీళ్లు మురికైతే మార్చాలి. మట్టి గట్టిగా ఉంటే రోజుల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టవచ్చు. ఇక్కడ ఓపికే పనిముట్టు. నాన్చిన కొద్దీ మట్టి దానంతటదే వదులుతుంది, వదలనిదాన్ని కొన పదును లేని వెదురు పుల్లతో మెల్లగా నెట్టాలి తప్ప గీకకూడదు. జిడ్డుంటే రంగూ వాసనా లేని, నిమ్మ కలపని ద్రవ సబ్బు ఒక్క చుక్క వేసి, చివర శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్‌తో రెండుమూడుసార్లు ముంచి తీయాలి. కుంకుడుకాయ నగలకు మంచిదే. నాణేలకు దాని నురగకంటే ఈ చుక్క సబ్బే మేలు, ఎందుకంటే కుంకుడు రసం కొంచెం ఆమ్లం, పీచు కూడా అక్షరాల మూలల్లో చిక్కుకుంటుంది. నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోవాలి. ఆరబెట్టేటప్పుడు మెత్తటి నూలుగుడ్డ మధ్య పెట్టి అద్దాలి. రుద్దకూడదు.

పసుపు కుంకుమలున్న వెండి రూపాయి మాత్రం నీళ్లకు లొంగదు. పసుపులో రంగునిచ్చే కర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, కుంకుమ తయారీలో సున్నం చేసే పనే ఇది. ఆ ఎరుపు చూసి నాణెంలోంచి రాగి తుప్పు తేలిందనుకుని కంగారుపడతారు. కర్కుమిన్ అసిటోన్‌లో హాయిగా కరుగుతుంది. గాజు గిన్నెలో అసిటోన్ పోసి నాణేన్ని వేస్తే కాసేపటికి దాని చుట్టూ ద్రవం పసుపురంగు తిరగడం కంటికి కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పేరుకున్న దీపం నూనె జిడ్డూ చాలావరకు వదులుతుంది. అసిటోన్ గొప్పతనం ఏమిటంటే అది సేంద్రియ పదార్థాలను కరిగిస్తుంది గానీ లోహాన్నీ, సల్ఫైడ్ పొరనూ ముట్టుకోదు. నలుపు నలుపుగానే ఉంటుంది, టోనింగ్ టోనింగ్‌గానే ఉంటుంది, పైనున్న పరాయి సరుకు మాత్రం పోతుంది.

అయితే అది స్వచ్ఛమైన అసిటోన్ కావాలి. గోళ్ల రంగు తీసే ద్రావణంలో నూనెలు, రంగులు, సువాసనలు కలుపుతారు, అవన్నీ నాణెం మీద మిగులుతాయి. అసిటోన్ ఆవిరి చాలా తేలిగ్గా అంటుకుంటుంది. వంటింట్లో కాదు, దీపమూ అగరువత్తీ పొయ్యీ సిగరెట్టూ లేని చోట, డాబా మీదో వరండాలోనో చేయాలి. ప్లాస్టిక్ గిన్నెలు చాలావరకు మెత్తబడతాయి, గాజో స్టీలో వాడాలి. వెదురు పట్టకారుతో తీయాలి, చేతులు ముంచకూడదు. మొదటి గిన్నె తర్వాత రెండో గిన్నెలో కొత్త అసిటోన్‌లో ముంచి తీయకపోతే, కరిగిన జిడ్డే నాణెం మీద పలచగా పరుచుకుని ఆరిపోతుంది. రాగి నాణేలను అందులో గంటలకొద్దీ వదలకుండా కొద్ది నిమిషాల్లో తీసేయడం మంచిది. మిగిలిన ద్రవాన్ని సింకులో పోయకుండా, పిల్లలకు అందని చోట ఆరుబయట ఆవిరవనివ్వాలి.

అసిటోన్ అవసరం మరీ ఎక్కువగా పడేది పీవీసీ కవర్ల విషయంలో. నాణేల ఆల్బంలంటూ తక్కువ ధరకు అమ్మే మెత్తటి ప్లాస్టిక్ జేబుల్లో చాలా భాగం పీవీసీయే. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్లు ఏళ్లు గడిచాక బయటికి కారుతాయి. పీవీసీ విడిపోయేటప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెలువడుతుంది. రాగి కలిసిన నాణెం మీద ఆకుపచ్చ బంక పేరుకుంటుంది. కొత్త ప్లాస్టిక్ చెప్పుల వాసన వచ్చే ఆల్బం మీ దగ్గరుంటే ఈ రోజే ఖాళీ చేయండి. బంకను అసిటోన్‌తో కడగవచ్చు, కానీ ఆమ్లం తిన్న గుంతలు అలాగే ఉంటాయి.

వంటనూనెలో నెలల తరబడి నానబెట్టమని కొందరు చెబుతారు. ఆ నూనెల్లోని కొవ్వు ఆమ్లాలు రాగిని నెమ్మదిగా తినేస్తాయి. ఇత్తడి పాలిష్‌లో రుద్దుడు పొడి ఉంటుంది, చాలావాటిలో అమ్మోనియా కూడా ఉంటుంది, ఆ రెండూ రాగికి శత్రువులే. అల్ట్రాసోనిక్ యంత్రంలో నాణేలన్నీ కలిపి వేస్తే ఒకదాన్నొకటి కొట్టుకుని దెబ్బతింటాయి.

అల్యూమినియం పైసలకు, అంటే 1964 నుంచి వచ్చిన ఒకటి, రెండు, మూడు పైసల నాణేలకు, ఆమ్లమూ పడదు క్షారమూ పడదు. చింతపండుకూ బట్టల సోడాకూ రెండింటికీ కరుగుతాయి. వాటికి డిస్టిల్డ్ వాటరే చాలు. 1947 నాటి నికెల్ రూపాయి మొండిది, దానికి పెద్ద ప్రమాదం లేదు. 1940 నుంచి వచ్చిన వెండి రూపాయిలో వెండి సగమే, 40 శాతం రాగి ఉంటుంది, కాబట్టి దాన్ని రాగి నాణెంలాగే చూడాలి. కాసులపేరులోని కాసులు బంగారమైనా 22 కారట్లదే, మెత్తన. మెరుగు పెట్టించడానికి ఇచ్చిన ప్రతిసారీ మీద కొంత పోతుంది. సీసం నాణేలు మన నేలకు ప్రత్యేకం, శాతవాహనులు వాటిని విరివిగా వేశారు. సీసం మీద తెల్లటి పొడి కనిపిస్తే అది విషం, చేతులు కడుక్కోవాలి, పిల్లల దగ్గర ఉంచకూడదు. చెక్క, ప్లైవుడ్ నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరే ఆ పొడికి ముఖ్య కారణం. సీసం నాణేన్ని చెక్క డబ్బాలో పెట్టకండి.

శాతవాహనుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలు దొరికాయి, పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహన నాణేలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. అలాంటి చోట్ల దుక్కి దున్నేటప్పుడు రైతులకు ఇప్పటికీ నాణేలు దొరుకుతుంటాయి. వాటిని చింతపండుతో తోమి చూసుకోవడం అన్నిటికంటే పెద్ద నష్టం. శతాబ్దాలు మట్టిలో ఉన్న రాగి నాణెంలో చాలా లోహం తుప్పుగా మారిపోయి ఉంటుంది. కానీ అసలు నాణెం పైతలం, దాని మీది అక్షరాలతో సహా, ఆ తుప్పు పొరల మధ్యే ఒక గీతగా నిలిచి ఉంటుంది. దాని పైనున్న మట్టితుప్పును సూక్ష్మదర్శిని కింద పుల్లతో కొంచెం కొంచెంగా తీసుకుంటూ ఆ గీత దగ్గర ఆగడం సంరక్షకుల నేర్పు. ఆమ్లానికి ఆ గీత ఎక్కడుందో తెలియదు. రాజు పేరునూ తుప్పునూ కలిపి కరిగించి, కింద మిగిలిన బోడి లోహపు బిళ్లను మన చేతిలో పెడుతుంది.

భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల వస్తువును జిల్లా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న బంధువులకు దాన్ని పంపించడం నేరమవుతుంది. పొలంలో దొరికినదాన్ని మట్టితో సహా కాగితంలో చుట్టి, ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో రాసి, రాష్ట్ర పురావస్తు శాఖకు చేరేలా చూడాలి. కంచు జబ్బు లాంటి కష్టమైన పనులకు లక్నోలో 1976 నుంచి సాంస్కృతిక సంపద సంరక్షణకు జాతీయ పరిశోధనశాల ఉంది.

ఇంట్లో ఉన్నవాటికి మిగిలింది దాచుకునే పద్ధతి. పాలిస్టర్ కవర్లోనో, పాలీప్రొపిలీన్ కవర్లోనో ఒక్కో నాణేన్ని విడిగా పెట్టాలి. రబ్బరు బ్యాండు వేసి కట్టకూడదు. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు, బ్యాండు తగిలిన చోట వెండి మీద నల్ల గీత పడుతుంది. వార్తాపత్రికలో, ఉన్ని గుడ్డలో, వెల్వెట్ సంచిలో కూడా పెట్టవద్దు. పూజగదిలో అగరుపొగకూ దీపపు మసికీ, వంటింట్లో తాలింపు ఆవిరికీ దూరంగా, నేలకూ బయటి గోడకూ ఆనని అరలో, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. రంగు మారే గింజలైతే నీలంవాటిలో కోబాల్ట్ ఉంటుంది కాబట్టి నారింజ రంగువి తీసుకోవాలి. అవి ఆకుపచ్చకు తిరిగాయంటే తేమతో నిండినట్టు. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మళ్లీ నారింజకు వస్తాయి. తీర జిల్లాల్లో వానాకాలమంతా నెలకోసారి డబ్బా తెరిచి, గింజల రంగు చూసి, రాగి నాణేల మీద లేత ఆకుపచ్చ పొడి ఏమైనా లేచిందేమో భూతద్దంతో చూసుకుంటే, జబ్బు ముదిరేలోపే ఆ నాణేన్ని వేరు చేయవచ్చు.